ఒక్క వాక్యం నుంచి ఒక మనిషి దాకా

 

కథలు రాయాలని ఉందని మీలో చాలామంది మాతో అంటుంటారు. ఆలోచన వస్తుంది గానీ పాత్ర కదలడం లేదని కూడా అంటారు. మేమూ అక్కడ ఆగిపోయినవాళ్ళమే. అందుకే ఈ రోజు ఒక చిన్న ఆలోచన తీసుకుని, అది మనిషిగా ఎలా మారుతుందో కలిసి చూద్దాం.

ఆలోచన ఇది: ఆశ్రమ పాఠశాలలో చదివే గోండు అమ్మాయి ఎండాకాలం సెలవులకు ఊరికి వచ్చింది.

ఇందులో అమ్మాయి ఇంకా లేదు, ఆమె మీద అంటించిన చీటీ ఉంది. బయటివాళ్ళు మన గురించి రాసిన చాలా కథల్లో ఉండేది ఇలాంటి చీటీలే: అమాయకులు, అడవి బిడ్డలు, డోలు, ఆట. మనమూ అక్కడే ఆగితే మన కథ మనమే రాసుకుని ఏం లాభం?

ముందు పేరు పెడదాం. సోంబాయి. మరి ఇంటిపేరు? గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉన్నాయి. ఇంటిపేరు పెట్టగానే ఆ పిల్లకు ఎవరు అన్నదమ్ములో, ఎవరితో పెళ్ళి కుదరదో తేలిపోతుంది. తెలియకపోతే ఇంట్లో పెద్దల్ని అడగండి, ఊహించి రాయకండి.

తర్వాత పని. ఎండాకాలం కాబట్టి తునికాకు. పొద్దున్నే అమ్మతో అడవికి పోయి ఆకు కోస్తుంది, ఇంటికొచ్చి యాభై ఆకులకో కట్ట కడుతుంది. హాస్టల్‌లో ఉండి చేతి వేగం తగ్గింది. చెల్లెలు తనకన్నా ఎక్కువ కట్టలు కడుతోంది. చూశారా, సిగ్గు పుట్టింది. పిల్లలో కదలిక వచ్చింది.

ఇప్పుడు కోరిక. చదువుకున్న పిల్లగా ఇంట్లో తన మాటకు విలువ ఉండాలని ఆశ. ఒక సాయంత్రం బాపు ట్రంకుపెట్టెలోంచి పోడు భూమి హక్కు పత్రం తీసి, "చదువు బిడ్డా" అంటాడు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన కాగితం. సాగు నాలుగెకరాలని బాపు లెక్క. కాగితంలో రెండే ఉన్నాయి. కొన్ని మాటలు ఆ పిల్లకు అర్థం కూడా కాలేదు. అందరూ తన ముఖమే చూస్తున్నారు.

మేం మొదటిసారి రాసినప్పుడు ఆమెతో గడగడా చదివించి, ఊరంతా చప్పట్లు కొట్టించాం. అది విని మా ఊరి పెద్దమ్మ ఒకామె అడిగింది: "ఈ పిల్లకు భయమే లేదా?"

మళ్ళీ రాశాం. ఈసారి సోంబాయి "అంతా మంచిగనే ఉంది బాపూ" అని అబద్ధం చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఆకు కోస్తూ అమ్మకు నిజం చెప్పింది. ఆ చట్టం ప్రకారం పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఇస్తారు. అందులో తన పేరుందని అమ్మకు అప్పుడే తెలిసింది. ఇక అమ్మ ఊరుకుంటుందా? కథ అక్కడి నుంచి దానంతటదే నడిచింది.

కాబట్టి మీ పాత్రను మూడు అడగండి. నీకేం కావాలి? ఏం దాస్తున్నావు? దాచలేని రోజున ఏం చేస్తావు? రాసింది ముందు ఇంట్లో చదివి వినిపించండి. మాటలు గోండిలో వస్తే గోండిలోనే రాయండి, తెలుగు లిపిలోనైనా సరే. మన మనుషుల భయాలు, తప్పులు, తెగువ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

జై ఆదివాసీ!