హద్దు ముందే తెలియని లూప్



గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద వందలాది థ్రెడ్‌లు ఒకేసారి నడిపే చిన్న ప్రోగ్రామును కెర్నల్ అంటారు. దాని లోపల లూప్ ఎన్నిసార్లు తిరగాలో ముందుగా తెలియకపోతే ఎలా రాయాలి? ఇదే నేటి పాఠం.

జంషెడ్‌పూర్‌లో మాట్లాడుతున్నాను కనుక ఉదాహరణ ఉక్కు నుండే తీసుకుందాం. ఈ ఊళ్ళో తొలి ఉక్కు తయారైంది 1912లో. ఆ పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి.

1200 డిగ్రీల ఉక్కు దిమ్మె ఒకటి చల్లారుతోంది అనుకోండి. దాని పొడవునా 1024 బిందువుల దగ్గర ఉష్ణోగ్రత లెక్కించాలి. 128 థ్రెడ్‌ల బృందం విడతకు 128 బిందువుల చొప్పున 8 విడతల్లో పని ముగిస్తుంది. ఈ 8ని కెర్నల్‌లోనే రాసేస్తే కంపైలర్ లూప్‌ను విప్పి, ఎనిమిది విడతలనూ వరుసగా పరిచేస్తుంది. ప్రతిసారీ "ఇంకా ఉందా?" అని చూసే పని తప్పుతుంది, వేగం పెరుగుతుంది.

కానీ దిమ్మెలన్నీ ఒకే పొడవు ఉండవు కదా! తరువాతి దిమ్మెకు 1000 బిందువులే. హద్దును నడిచేటప్పుడు లెక్కించాలి. నా విద్యార్థి ఒకరు 1000ని 128తో భాగించి లూప్ రాశారు. పూర్ణాంక భాగహారంలో వచ్చేది 7. అంటే 896 బిందువులే పూర్తయ్యాయి. చివరి 104 బిందువులు మొదట నింపిన 1200 డిగ్రీల దగ్గరే ఉండిపోయాయి. త్వరగా చల్లారవలసిన కొన అన్నిటికంటే వేడిగా కనిపించింది! యంత్రం మాత్రం ఏ తప్పూ చూపలేదు. అసలు ప్రమాదం అదే.

సవరణ సులభం. ముందు 127 కలిపి భాగించండి. 1127ను 128తో భాగిస్తే 8 వస్తుంది. ఇప్పుడు 1024 స్థానాలు తిరుగుతాం, 24 ఎక్కువ. అందుచేత చదివే చోట, రాసే చోట "స్థానం 1000 కంటే తక్కువేనా?" అన్న షరతు పెట్టాలి.

ఆ షరతును లూప్ హద్దులోనే పెట్టవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అప్పుడు చివరి విడతలో 24 థ్రెడ్‌లు ముందే బయటికి వెళ్ళిపోతాయి. లూప్ లోపల "అందరూ వచ్చేదాకా ఆగు" అనే ఆజ్ఞ ఉంటే, మిగిలిన 104 రానివాళ్ళకోసం నిలబడి ప్రోగ్రాము బిగుసుకుపోవచ్చు. కాబట్టి బృందమంతటికీ ఒకే హద్దు, షరతు లోపల.

థ్రెడ్‌కు ఒక దిమ్మె చొప్పున అప్పగిస్తే మరో చిక్కు. ఎన్‌విడియా ప్రాసెసర్లలో 32 థ్రెడ్‌లు ఒక జట్టుగా నడుస్తాయి, దానిని వార్ప్ అంటారు. 31 దిమ్మెలకు 100 బిందువులు, ఒక్కదానికి 1000 ఉంటే జట్టంతా 1000 విడతలూ అక్కడే ఉండాలి. 32,000 అవకాశాల్లో పనికి వచ్చేవి 4,100 మాత్రమే. దగ్గరి పొడవులున్న దిమ్మెలను ఒక జట్టుగా కూర్చితే ఈ వృథా చాలా తగ్గుతుంది.

ఇంటి దగ్గర మీ కెర్నల్‌ను 127, 128, 129 బిందువులతో నడిపి చూడండి. సున్నాతో కూడా.