విషాదము – గుండెపోటు – ఔషధములు



రాముడు అడవికేగిన ఆరవనాటి రాత్రి దశరథుడు కౌసల్య మందిరమున ప్రాణములు విడిచెను. ఏ శత్రువును ఆయనను కొట్టలేదు; దుఃఖమే కొట్టినది. రోగమును పెంచువానిలో విషాదమే ప్రధానమని చరకసంహితయు చెప్పుచున్నది.

నేటి వైద్యులు ఈ మాటను లెక్కకట్టి చూచిరి. 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధన, పొగాకు, రక్తపుపోటు, మధుమేహముల సరసన మనోవ్యథను కూడ గుండెపోటు కారణములలో చేర్చినది. కుంగినవానికి నిద్ర పట్టదు, నడక మానును, రక్తపుపోటు మాత్ర మరచును.

అట్టివాని మనస్సునకిచ్చు మందు గుండెకు చేటా? ఈ భయము నిరాధారము కాదు. ఇమిప్రమిన్ మొదలగు తొలితరము మందులు గుండెలయను తప్పింపగలవు. కనుక గుండెపోటు వచ్చినవారికి వైద్యులు వానిని సాధారణముగా ఈయరు. తరువాత వచ్చిన సెర్ట్రలిన్ అట్టిది కాదు. గుండెజబ్బు తీవ్రమై ఆసుపత్రి చేరిన 369 మంది విషాదరోగులలో దానిని పరీక్షించి, గుండెకు కీడు కనబడలేదని 2002లో ప్రకటించిరి. కొరియాలో 300 మందికి ఆరునెలలపాటు కొందరికి ఎస్సిటాలోప్రామ్, కొందరికి మందులేని మాత్ర ఇచ్చి, సుమారు ఎనిమిదేండ్లు గమనించిరి. మరణము, మరల గుండెపోటు, రక్తనాళ చికిత్స – వీనిలో ఏదో ఒకటి మందు వాడినవారిలో నూటికి 41 మందికి, తక్కినవారిలో 54 మందికి కలిగెనని 2018లో తెలిపిరి.

అయినను లెక్క ఇంకను ముగియలేదు. 2,481 మందిపై జరిగిన మరియొక పరీక్షలో, ముఖ్యముగా మాటలతో చేసిన చికిత్స మనస్సును తేలికపరచినను మరణములను తగ్గింపలేదని 2003లో తేలినది. ఆస్పిరిన్‌తో కలిసినపుడు ఈ కొత్త మందులు రక్తస్రావమును పెంచవచ్చును. కావున వాడు మందులన్నిటిని వైద్యునికి చెప్పవలెను.

గుండెపోటునకు చికిత్స పొంది గుడివాడనుండియో బందరునుండియో పెదపారుపూడి చేరిన రైతు అరుగుపై మౌనముగా కూర్చుండునేని, ఇంటివారు “సోమరి” అందురు. లేదా గుండెకు చేటని మాత్ర మాన్పింతురు. రెండును పొరపాటే. మందు మొదలిడుటయు, మానుటయు వైద్యుని మాటపైననే జరుగవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ 14416 సంఖ్యకు ఫోను చేసినను మనోవ్యథకు సలహా లభించును.

నిత్యము ఈ గ్రంథాలయమునకు పత్రిక చదువవచ్చువాడు వారము దినములు కానరాకున్న, ఎవరైనను అతని ఇంటికేగి పలుకరింపవలెను. దశరథునివలె మరియొకడు రాత్రివేళ కుమిలిపోకుండుటకు అది తొలిమెట్టు.