శిబిరానికి వెళ్లే పిల్లల తలలో పేలు – తల్లులతో కొన్ని మాటలు

(సంఘం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం పేలు. ఈ మాట ప్రకటించగానే వెనుక వరుసలో నవ్వులు వినిపించాయి. ఐతే ఇది నవ్వి వదిలేయదగిన సంగతి కాదని నా మనవి. వేసవి శిబిరానికి వెళ్లిన మూడో నాడే ఇంటికి పంపివేయబడిన పదేళ్ల పిల్లను నేనెరుగుదును. ఊరు, పేరు చెప్పను. వరుసలోంచి పక్కకు పిలిచి, అందరి ఎదుట తల చూశారట. ఇంటికి రాగానే నానీ కత్తెర తీసుకుని జడ కత్తిరించేసింది. మరుసటి ఏడు ఎంత బతిమాలినా ఆ పిల్ల శిబిరానికి పోలేదు. చదువులో, ఆటలో చురుకైన పిల్ల.

మన ఇళ్లలో ఒక అపోహ ఉన్నది. మురికిగా ఉండేవాళ్లకే పేలు పడతాయని, తడి జుట్టు మీద స్కార్ఫ్ కడితే పేలు పుడతాయని అంటుంటారు. రెండూ నిజం కావు. పేను పుట్టాలంటే మరో పేను ఉండాలి. రోజూ తలంటుకునే పిల్లకూ వస్తుంది. అది నువ్వుగింజంత పురుగు, ఎగరలేదు, దూకలేదు, పాకుతుంది అంతే. ఒక తల మరో తలకు ఆనినప్పుడు ఆ వెంట్రుకలు పట్టుకుని ఇటు వచ్చేస్తుంది. నలుగురు పిల్లలు ఒక ఫోను చుట్టూ తలలు ఆనించి బొమ్మలు చూస్తుంటారే, దానికంతకన్నా ఏం కావాలి? తల నుంచి కింద పడితే రక్తం దొరకక ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. మన దగ్గర తల పేల వల్ల జబ్బులు రావు గాని, గోకి గోకి పుండ్లు పడి చీము పట్టవచ్చు.

ముఖ్యంగా గమనించవలసిందేమంటే, మొదటిసారి పేలు పడ్డ పిల్లకు దురద తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. కాబట్టి “మా అమ్మాయి గోక్కోవడం లేదు” అనుకుని నిశ్చింతగా ఉండకూడదు. శిబిరానికి కనీసం రెండు మూడు వారాల ముందే తల చూడాలి. జుట్టు తడిపి గాని, నూనె బాగా పట్టించి గాని, మంచి వెలుతురులో కూర్చోబెట్టి, పాయలు తీసి, ఈర్పెనతో కుదుళ్ల నుంచి చివరిదాకా దువ్వండి. దువ్విన ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడిచి చూడండి. చెవుల వెనుక, మెడ మీద ఎక్కువగా ఉంటాయి. చుండ్రు విదిలిస్తే రాలుతుంది, ఈపి వెంట్రుకకు బంక పెట్టినట్టు అంటుకుని ఉంటుంది. కుదురుకు పావు అంగుళం లోపల ఉన్న ఈపుల గురించే ఆలోచించాలి. పైకి పోయినవి చాలావరకు ఖాళీ గుల్లలే.

బతికిన పేను కనబడితే మందుల షాపులో ఒక శాతం పెర్మెత్రిన్ మందు దొరుకుతుంది. తలంటి, తుడిచిన జుట్టుకు పట్టించి పది నిమిషాలుంచి కడిగేయాలి. ఐతే ఈ మందుకు ఈపులు చావవు. అవి పొదగడానికి వారం, తొమ్మిది రోజులు పడుతుంది. అందుచేత తొమ్మిదో రోజున మరోసారి పట్టించాలి, మధ్యలో రెండు మూడు రోజులకోసారి దువ్వుతూనే ఉండాలి. తెల్లవారితే బస్సు, రాత్రి మందు అంటే కుదరదని ఇప్పుడు బోధపడిందనుకుంటాను. ఇంట్లో అందరి తలలూ చూడండి, పెద్దలవి కూడా. పసిపిల్లలకు, గర్భిణీలకు డాక్టరును అడిగి గాని మందు వాడవద్దు. పేలే లేని తలకు ముందు జాగ్రత్త పేరుతో మందు రాయడం అనవసరం. రెండుసార్లు రాసినా పేలు బతికే ఉంటే మూడోసారి రాయకుండా డాక్టరు వద్దకు తీసుకువెళ్లండి. కొన్నిచోట్ల పేలు ఈ మందుకు లొంగడం లేదు.

ఇక మన నాటు వైద్యాల సంగతి. కిరసనాయిలు వద్దే వద్దు. పొయ్యి దగ్గర తల్లి, పక్కనే కిరసనాయిలు తలతో పిల్ల, తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీద పొర దెబ్బతిని, ఎర్రబడి, నొప్పితో కన్ను తెరవలేరు. ఆ కేసులు కంటి డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. వెనుకటి రోజుల్లో గమాక్సిన్ పొడి తలకు పట్టించి గుడ్డ కట్టేవారు. ఆ పొడిలోని విషమే లిండేన్. తలకు రాసే ఆ మందుతో మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉన్నదని 2003లో అమెరికా ప్రభుత్వం గట్టిగా హెచ్చరించింది. 2009లో స్టాక్‌హోం ఒప్పందం కింద నిర్మూలించవలసిన విషాల పట్టికలో చేర్చారు. పాత డబ్బా అటక మీద ఉంటే పిల్లల చేతికి అందనివ్వకండి.

శిబిరానికి పంపేటప్పుడు ఆడపిల్లలకు రెండు జడలు బిగించి, పైకి మడిచి కట్టండి. దువ్వెన, తువ్వాలు, దిండు, స్కార్ఫ్ ఎవరివి వారికే ఉండాలి. స్కార్ఫులన్నీ ఒకే రంగులో ఉంటాయి గనుక అంచున ఒక రంగు దారంతో గుర్తు కుట్టండి. మగపిల్లల టోపీలకూ ఇదే మాట. పేలు ఎక్కువగా పాకేది తల నుంచి తలకే ఐనా, ఈ మాత్రం జాగ్రత్త కష్టం కాదు.

నిర్వాహకులకు కూడా ఒక మనవి. చాపలు వేసేటప్పుడు ఒకరి తల పక్కన మరొకరి కాళ్లు వచ్చేలా వేయించండి. తల చూడవలసి వస్తే విడిగా ఒక గదిలో, ఒక్కొక్కరినీ పిలిచి ఆపా ఎవరైనా చూడాలి. పేలు కనబడితే పిల్లను పంపివేయనక్కరలేదు. తల్లికి ఫోను చేసి చెప్పి, ఆ సాయంత్రం మందు పట్టించి ఉండనివ్వవచ్చు.

తిరిగి వచ్చిన రోజున మళ్లీ తల చూడండి. వారం తరువాత ఇంకోసారి చూడండి. పేలు కనబడితే చివరి రెండు రోజులు వాడిన బట్టలు, దుప్పట్లు బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఉతకలేనివి సంచిలో మూతిబిగించి రెండు వారాలు పక్కన పెట్టండి. పరుపులు తగలబెట్టనక్కరలేదు, ఇల్లంతా మందు కొట్టనక్కరలేదు.

ఈర్పెనతో దువ్వే పద్ధతి చూడాలనుకునేవారు సభ ముగిశాక ఇక్కడే ఉండండి, నా సంచిలో రెండున్నాయి. ఇక సెలవు.