నిశ్చలమైన నీరు, పగిలిన పడవ

అమెరికా చిత్రకారుడు ఫిట్జ్ హెన్రీ లేన్ చిన్ననాడే కాళ్లు చచ్చుబడి, చంకకర్రలతో నడిచిన మనిషి. 1864లో, అక్కడ అంతర్యుద్ధం ఇంకా ముగియకముందే, తన ఊరైన గ్లోస్టర్ తీరంలోని బ్రేసెస్ రాక్‌ను చిత్రించాడు. నీరు అద్దంలా ఉంది, ఆకాశం ప్రశాంతంగా ఉంది. అయితే ఒడ్డున ఒక పాడైన పడవ పడి ఉంది. ఆయన దాన్ని దాచలేదు. మన చింతపల్లి తీరాన వేటకు వెళ్లే కుటుంబాలకు తెలుసు, సముద్రం నెమ్మదించినా పోయిన పడవ తిరిగి రాదు. సమాధానం పొందినవాడు తన నష్టాన్ని దాచుకోనక్కరలేదు. గలిలయలో తుఫానును అణచిన ప్రభువు శిష్యులున్న పడవలోనే ఉన్నాడు. మీ ఇంట విరిగినదేదైనా ఉంటే ఆయన ముందుంచండి. పొరుగువాని పడవ పగిలితే, వెళ్లి అతని పక్కన కూర్చోండి. ఆమేన్.