రాయి కొలిచిన చేతులెవరివి?



గ్రీసు దేశంలో ఏథెన్సు కొండ మీద పాలరాతి గుడులున్నాయి. వాటిని ఇవాళ లేజర్ కిరణాలతో కొలిచి కంప్యూటర్లో చూస్తున్నారు. పార్థెనాన్ గుడి అరుగు చదునుగా లేదు. పొడుగు వైపు నడుమ సుమారు 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది. కావాలనే అట్లా కట్టారు. లేజర్లు లేని రోజుల్లో ఆ కొలత ఎట్లా తీశారు?

టర్కీలోని డిడిమా గుడి గోడల మీద 1979లో హాసెల్‌బెర్గర్ అనే జర్మన్ పండితుడు సన్నటి గీతలు కనిపెట్టాడు. స్తంభం పొట్ట ఎంత ఉబ్బాలో వేసిన లెక్క అది! ఎత్తును 16వ వంతుకు కుదించి, వెడల్పును ఉన్నదున్నట్టు గీశారు. గోడ నునుపు చేస్తే ఆ గీతలు పోయేవే. గుడి పూర్తికాలేదు గనక మిగిలాయి.

మరి చెక్కినోళ్ళెవరు? ఏథెన్సులోనే ఎరెక్తియాన్ గుడి కూలి లెక్కలు రాతి మీదే ఉన్నాయి. క్రీ.పూ. 409-407 నాటివి. అందులో హోదా తెలిసినవాళ్ళు 86 మంది: పౌరులు 24, పరదేశులు 42, బానిసలు 20. రోజు కూలి అందరికీ ఒక్క ద్రాఖ్మాయే. సమానత్వమే కదా అంటారు కొందరు. కాదు! సిమియాస్ అనే మేస్త్రీ పక్కనే అతని బానిసలు సన్నియోన్, సొసాండ్రోస్ ఉలి పట్టారు. కానీ బానిస సంపాదన యజమానిదే.

యంత్రం ఉలి గీత లోతు చెబుతుంది. కూలి ఎవరిదో రాసిన లెక్కే చెబుతుంది. అందుకే బడిపంతుళ్ళం మేం కోరేదొకటే: మస్టరు చదవండి. చదువురానోళ్ళకి మన పిల్లలు చదివి వినిపించాలి. మన చెమట లెక్క మనమే రాసుకుందాం!