వ్యాయామం మానేస్తే ఏమవుతుంది? - మన ఇళ్ళలోని పెద్దావిడల సంగతి

నేను డాక్టర్ని కాను. సుబేదారుగా రిటైరయినవాణ్ణి, చాలా ఏళ్ళు జవాన్ల చేత పి.టి. చేయించినవాణ్ణి. ఆ అనుభవం, తరువాత చదివి తెలుసుకున్నది కలిపి నాలుగు మాటలు చెబుతాను.

రెండు నెలల యాన్యువల్ లీవు నుంచి వచ్చిన జవాను మొదటి వారం ఎలా పరిగెడతాడో మీకందరికీ తెలుసు. 2.4 కిలోమీటర్లలో సగం దూరానికే రొప్పు. పాతికేళ్ళ కుర్రాడు గనక నెల తిరిగేసరికి దార్లో పడతాడు. అదే రెండు నెలలు అరవై అయిదేళ్ళ ఆవిడ నడక మానేస్తే? ఎవరికీ తెలియదు. ఆవిడకి టెస్టూ లేదు, ఉస్తాదూ లేడు.

ముందు పోయేది దమ్ము. రెండు మూడు వారాల్లోనే తేడా వస్తుంది. కండబలం కాస్త నెమ్మదిగా పోతుంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ యువకులు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ తరువాత వాళ్ళనే మళ్ళీ చూస్తే, ముప్ఫై ఏళ్ళ వయసు కన్నా ఆ మూడు వారాల మంచమే దమ్మును ఎక్కువ దెబ్బ తీసిందని తేలింది. కుర్రాళ్ళకే అలా అయితే, ముట్లు ఆగిన తరువాత ఎముక, కండ రెండూ తరుగుతుండే ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది.

1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ళ ముసలివాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. బలం సగటున 174 శాతం పెరిగింది! ఆపేసిన నాలుగు వారాలకే అందులోంచి 32 శాతం బలం జారిపోయింది. వయసు మీరినా బలం వస్తుంది, మానేస్తే పోతుంది, రెండూ నిజమే.

ఇక మన గురుగ్రామ్. ఇక్కడ కేలండరే మనచేత వ్యాయామం మాన్పిస్తుంది. నవంబరులో పొగ, డిసెంబరు, జనవరిలో మంచు, మే, జూన్‌లో లూ, ఆ పైన వానకి రోడ్డు మీద నీళ్ళు. 2020 లాక్‌డౌన్ సంగతి సరేసరి.

మా అత్తగారు ప్రకాశం జిల్లా పల్లెలో ఉన్నన్నాళ్ళూ తెల్లవారుజామునే లేచి కళ్ళాపి చల్లి, ముగ్గేసి, కింద కూర్చునే కూరలు తరిగేవారు. రోజుకి ఎన్నిసార్లు వంగి లేచేవారో లెక్కలేదు. దాన్ని ఎవరూ వ్యాయామం అనరు గానీ, అంతకన్నా మంచి పి.టి. నేనైతే చూడలేదు. ఇక్కడికొచ్చాక పదకొండో అంతస్తు, లిఫ్టు, సోఫా, టీవీ. "నువ్వు కూర్చో అమ్మా" అని అందరూ ప్రేమగానే అంటారు. అయిదు నెలలకి పూజ అయ్యాక గోడ పట్టుకోకుండా నేల మీంచి లేవలేకపోయారు. జబ్బేమీ లేదు, పని లేకపోవటమే.

దీనికో పరీక్ష ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కపెట్టండి. ఆడవాళ్ళు 65-69 ఏళ్ళకి 11 కన్నా, 70-74 ఏళ్ళకి 10 కన్నా తక్కువైతే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. మా అత్తగారికి డెబ్భై రెండు. మొదటి రోజు ఆరు. రోజూ రెండు పూటలా అదే చేయించాం, రెండు నెలలకి పదకొండు.

పొగ రోజుల్లో బయటికి పోనక్కర్లేదు. ఈ కుర్చీ వ్యాయామం, వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తటం, లీటరు నీళ్ళ సీసాలు ఎత్తటం, చాలు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, 65 దాటినవాళ్ళకి అదనంగా వారంలో మూడు రోజులు బలానికి, నిలకడకి వ్యాయామం చెప్పింది. మన పక్కనే నజఫ్‌గఢ్ దగ్గరి భగవానీ దేవి 94 ఏళ్ళ వయసులో 2022లో ఫిన్లాండులో 100 మీటర్లు పరిగెత్తి బంగారు పతకం తెచ్చారు. మనవాళ్ళని పరిగెత్తమనటం లేదు లెండి, నేల మీంచి లేస్తే చాలు.

విరామం తరువాత మొదలుపెట్టేవాళ్ళు పాత లెక్కలో సగంతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచండి. ఆపరేషన్ అయినవాళ్ళు, బి.పి., షుగరు ఉన్నవాళ్ళు ముందు ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్ డాక్టరుని అడగండి. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగటం ఉంటే వెంటనే ఆపి చూపించుకోవాలి. మగవాళ్ళకి ఒక్క మాట, ఆవిడ నడకకి వెళ్ళిన పూట టీ మీరే పెట్టుకోండి.

జై హింద్.