వెళ్లిన వారంలోనే డాక్టరు దగ్గర పేరు రాయించుకోండి
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పై చదువులకు విదేశాలు వెళ్లే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఏ కోర్సు మంచిది, ఏ యూనివర్సిటీ మంచిది అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను ఒక్క సంగతే మాట్లాడతాను. అక్కడ ఒంట్లో బాగాలేకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? దేశానికొక పద్ధతి కాబట్టి, నేను కొన్నేళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి వచ్చిన ఇంగ్లండు గురించే చెబుతాను.

మనవాళ్లకు పెద్ద ఆసుపత్రి అనగానే ముందు కార్డు గుర్తుకొస్తుంది. అందులో తప్పులేదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు అది అక్కడి తెల్లకార్డు ఉన్న మన బంధువులకు వచ్చింది కానీ, తరతరాలుగా హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో ఉంటున్న మనకు రాలేదు. మన రాష్ట్రాల పథకాలు వేరు, వాటి కార్డులు వేరు. ఆ అలవాటు కొద్దీ మన పిల్లలు ఇంగ్లండులో దిగి, వైద్యం కార్డు పోస్టులో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. అలాంటి కార్డు అక్కడ లేదు. చేయవలసింది డాక్టరు దగ్గర పేరు రాయించుకోవడమే.

అక్కడి ప్రభుత్వ వైద్యాన్ని ఎన్.హెచ్.ఎస్. అంటారు. 1948 జూలై 5న మొదలైంది, ముఖ్యంగా పన్నుల డబ్బుతో నడుస్తుంది. ఆరు నెలలు మించిన విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే దీనికోసం ఆరోగ్య సర్‌ఛార్జీ కట్టించుకుంటారు. 2015లో ఇది విద్యార్థులకు ఏడాదికి 150 పౌండ్లు. 2024 ఫిబ్రవరిలో దాన్ని 776 పౌండ్లు చేశారు. ఒక్క ఏడాది మాస్టర్స్‌కైనా వీసా మామూలుగా ఏడాది దాటి ఇస్తారు కనుక ఏడాదిన్నరకు లెక్కగట్టి 1,164 పౌండ్లు తీసుకుంటారు. మన డబ్బులో లక్ష దాటుతుంది. వీసా రాకపోతే ఈ సొమ్ము వెనక్కి ఇస్తారు.

ఇంత డబ్బు ముందే కట్టి కూడా, జ్వరం వస్తే మన పిల్లలు డాక్టరు దగ్గరికి వెళ్లరు. అమెరికాలో ఉన్న పెదనాన్నగారి అబ్బాయి చెప్పిన బిల్లుల కథలు వాళ్ల తలలో ఉంటాయి. వారం రోజులు గదిలో పడుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న బిళ్లలు లెక్కపెట్టుకుంటూ మింగి, చివరికి నా కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లను నేను చూశాను. అమెరికా పద్ధతి వేరు, ఇది వేరు. ఇక్కడ మామూలు డాక్టరు చూసినందుకు ఒక్క పెన్నీ కూడా తీసుకోరు.

ఆ మామూలు డాక్టరును జి.పి. అంటారు. ఆయన కూర్చునే క్లినిక్కును అక్కడ 'సర్జరీ' అంటారు. తల్లులు ఇది గుర్తుపెట్టుకోండి. అమ్మాయి ఫోనులో "సర్జరీకి వెళ్తున్నానమ్మా" అంటే ఆపరేషన్ కాదు, దగ్గుకు వెళ్తోందన్నమాట! గుండెకైనా చర్మానికైనా నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లే వీలు సాధారణంగా ఉండదు. ఈ జి.పి. రాసి పంపాలి. అందుకే ఆయన దగ్గర పేరు ఉండటం అంత ముఖ్యం. జబ్బు చేసినప్పుడు వెతుక్కుందాంలే అనుకోవద్దు. గది దొరికిన వారంలోనే ఆ ప్రాంతం సర్జరీలో ఫారం నింపండి. చాలాచోట్ల ఇంటర్నెట్‌లోనూ నింపవచ్చు.

పేరు రాయించుకోవడానికి పాస్‌పోర్టు గానీ, అద్దె కాగితం గానీ తప్పనిసరి కాదు. ఇంగ్లండులో ఎన్.హెచ్.ఎస్. నియమమే అది. అయినా కౌంటరులో కూర్చున్నవారు ఒక్కోసారి అడుగుతారు. నా దగ్గరికి వచ్చే ఒక కుర్రవాణ్ణి కరెంటు బిల్లు తెమ్మని రెండుసార్లు తిప్పి పంపారు. నలుగురు కలిసి ఉండే ఇంట్లో బిల్లు అతని పేరున ఎలా ఉంటుంది? అలాంటప్పుడు గొడవపడనక్కర్లేదు, వెనుదిరగనూ అక్కర్లేదు. "ఎందుకు చేర్చుకోరో కాగితం మీద రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. కారణం రాసివ్వవలసిన బాధ్యత వారిది. ఇంగ్లీషులో రోగం చెప్పుకోవడం కష్టమైతే దుభాషిని కూడా ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఆడపిల్లలు లేడీ డాక్టరు కావాలని అడగవచ్చు.

ఇక మందులు. స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లండులలో చీటీ మందులు ఉచితం. ఇంగ్లండులో మాత్రం ఒక్కో మందుకు ఇంత అని కట్టాలి. 2024 మేలో అది 9 పౌండ్ల 90 పెన్నీలు అయింది. అయితే దీనికి మినహాయింపులు ఉన్నాయి, మనవాళ్లకు తెలియనివి అవే. థైరాయిడ్ లోపానికి రోజూ బిళ్ల వేసుకునేవారు, షుగరుకు ఇన్సులిన్ గానీ బిళ్లలు గానీ వాడేవారు, మూర్ఛకు మందు వాడేవారు జి.పి. దగ్గర ఒక ఫారం అడిగి నింపితే, మామూలుగా 5 ఏళ్లపాటు ఏ మందు చీటీకీ డబ్బు కట్టనక్కర్లేదు. మన ఆడపిల్లల్లో థైరాయిడ్ బిళ్లలు వేసుకునేవారు ఎంతమందో ఇక్కడున్న తల్లులకు తెలుసు. నెలనెలా డబ్బు కట్టి అదే బిళ్ల కొనుక్కుపోయే అమ్మాయికి ఈ ఫారం సంగతి నేనే చెప్పాను. అంతకుముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు. సర్టిఫికెట్ వచ్చేలోగా డబ్బు కట్టవలసి వస్తే ఎఫ్.పి.57 అనే రసీదు అప్పుడే అడిగి తీసుకోండి. తర్వాత ఇవ్వరు, అది లేకుండా డబ్బు వెనక్కి రాదు. ఏ జబ్బూ లేకపోయినా ఆదాయం తక్కువగా ఉన్న విద్యార్థులకు హెచ్.సి.1 అనే మరో దరఖాస్తు ఉంది.

2024 జనవరి చివరి నుంచి ఇంగ్లండులో గొంతునొప్పి, చెవిపోటు, ఆడవారికి వచ్చే మూత్రంలో మంట వంటి ఏడు ఇబ్బందులకు ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇవ్వవచ్చు. అవసరమైతేనే సుమా. జ్వరం అనగానే ఇంజెక్షను వేయడం, ఐదు రంగుల బిళ్లలు ఇవ్వడం అక్కడ లేదు. పారాసిటమాల్ వేసుకుని నీళ్లు తాగమంటారు. మన ఇళ్లలో అది విని "అక్కడి డాక్టర్లకు ఏమీ తెలియదు" అని మందులు పార్సిల్ చేస్తారు. దయచేసి చేయకండి. అయితే అక్కడ అంతా బాగుందని నేను అనను. స్పెషలిస్టు కోసం నెలలు ఆగాలి. పళ్ల డాక్టరు దొరకడం మరీ కష్టం, పన్ను పని ఇక్కడే చేయించుకుని వెళ్లండి.

రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే 111కు ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం వంటివైతే 999. అంబులెన్సుకు మీ దగ్గర బిల్లు వసూలు చేస్తారన్న భయంతో స్నేహితుణ్ణి టాక్సీలో ఎక్కించవద్దు.

మనసు బాగాలేకపోయినా ఇదే మాట. చలికాలంలో నాలుగు గంటలకే చీకటి పడే ఊళ్లో, అప్పు భారంతో, ఒంటరిగా ఉన్న పిల్లకు నిద్ర పట్టకపోవడం వింత కాదు. ఇంగ్లండులో అలాంటి కౌన్సిలింగుకు జి.పి. చీటీ లేకుండా తామే పేరు ఇచ్చుకోవచ్చు. ఆ సంగతి అక్కడివారు యూనివర్సిటీకి గానీ, ఇంటికి గానీ మామూలుగా చెప్పరు. ప్రాణానికి ముప్పు ఉందనుకుంటే తప్ప.

ఇది తల్లిదండ్రులకు మింగుడుపడదు. 18 నిండిన పిల్లల జబ్బు వివరాలు వారి అనుమతి లేకుండా కన్నవారికి కూడా చెప్పరు. మీరు ఇక్కడి నుంచి ఫోన్ చేసి ఎంత బతిమాలినా అంతే. కాబట్టి వెళ్లేముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఎవరికి చెప్పవచ్చో పిల్లలే తేల్చుకుని సర్జరీలో రాసివ్వవచ్చు. అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరూ ఇవ్వవచ్చు.

ప్రయాణానికి ముందు మీ ఊరి డాక్టరుచేత ఒక కాగితం రాయించుకోండి. ఏ జబ్బు, ఏ మందు, ఎంత మోతాదు, ఏ టీకాలు వేశారు అన్నవి అందులో ఉండాలి. మందుకు కంపెనీ పెట్టిన పేరు కాదు, అసలు పేరు రాయమనండి. డోలో అంటే అక్కడ ఎవరికీ తెలియదు. రోజూ మందులు వాడే పిల్లలు ఈ రోజు బిళ్లల అట్టలు తెచ్చుకుని ఉంటే, భోజనాల తర్వాత నా దగ్గరికి తీసుకురండి. వెనకాల ఉన్న అసలు పేర్లు రాసిస్తాను.